పెరుగుకూ దిగులుకూ మధ్య ఒక నాడి

లండన్‌లోని బెత్లెమ్ మానసిక చికిత్సాలయంలో పనిచేసిన జార్జ్ పోర్టర్ ఫిలిప్స్ అనే వైద్యుడు 1910లో ఒక పరిశీలన ప్రచురించాడు. తీవ్రమైన దిగులుతో మంచం పట్టినవాళ్లను మలబద్ధకం కూడా పీడించడం ఆయన గమనించాడు. పాలను పులియబెట్టే జాతికి చెందిన బ్యాక్టీరియాను 18 మంది రోగులకు ఇచ్చి చూశాడు. వాళ్లలో 11 మంది కోలుకున్నారని రాశాడు. అయితే, ఆ బ్యాక్టీరియా ఇవ్వకపోతే ఏమయ్యేదో పోల్చి చూడటానికి ఆయన దగ్గర మరో గుంపు లేదు. అందువల్ల దాన్ని రుజువుగా తీసుకోలేం. ఆ ఆలోచన ఆ తర్వాత చాలా దశాబ్దాల పాటు మూలనపడింది.

దిగులుగా ఉంటే అన్నం సహించదని, పరీక్ష రోజున కడుపులో తిప్పుతుందని మనకు తెలుసు. మెదడు మాట పేగులు వింటాయి. మరి పేగుల మాట మెదడు వింటుందా? జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయంలో నొబుయుకి సుదో బృందం 2004లో దీనికి ఒక జవాబు చూపించింది. ఒంట్లో సూక్ష్మజీవి అన్నదే లేకుండా పెంచిన ఎలుకలను కదలనివ్వకుండా కాసేపు బంధిస్తే, వాటిలో ఒత్తిడి హార్మోన్లు మామూలు ఎలుకల్లో కన్నా చాలా ఎక్కువగా పెరిగాయి. బిఫిడోబ్యాక్టీరియం ఇన్ఫాంటిస్ అనే ఒక్క రకం బ్యాక్టీరియాను పేగుల్లోకి చేర్చాక ఆ తేడా పోయింది.

ఈ విషయంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఐర్లండ్‌లోని కార్క్ నగరంలో జాన్ క్రయన్, టెడ్ డైనన్ తదితరులు 2011లో ప్రచురించిన ప్రయోగం. నీళ్లు నింపిన గాజు పాత్రలో ఎలుకను వదులుతారు. అది గట్టు కోసం కాళ్లాడిస్తూ తిరుగుతుంది. కాసేపటికి ప్రయత్నం మానేసి నీటిమీద కదలకుండా తేలుతుంది. లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ అనే బ్యాక్టీరియాలో జేబీ-1 అనే రకాన్ని కొన్ని వారాలు తిన్న ఎలుకలు అలా చేతులెత్తేయడం తగ్గింది. వాటి రక్తంలో ఒత్తిడి హార్మోను కూడా తక్కువగా పెరిగింది. ఆ తర్వాత పరిశోధకులు మరికొన్ని ఎలుకలకు శస్త్రచికిత్స చేసి, పొట్ట దగ్గర వేగస్ నాడిని తెంచేసి, అదే బ్యాక్టీరియాను పెట్టారు. ఈసారి ఏ మార్పూ రాలేదు. వేగస్ నాడి మెదడు అడుగు నుంచి పొట్ట దాకా దిగుతుంది. అందులోని పోగుల్లో దాదాపు 80 శాతం కింది సమాచారాన్ని పైకి మోసేవే. బ్యాక్టీరియా కబురు ఆ దారినే వెళ్తోందని అక్కడ తేలింది.

మెదడులో నాడీకణాల మధ్య కబుర్లు మోసే రసాయనాల్లో ఒకటైన సెరటోనిన్ విషయంలో ఒక అపోహ బాగా వ్యాపించింది. ఒంట్లోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే తయారవుతుందన్నది నిజం. దాన్ని పట్టుకుని, పేగులు బాగుంటే మెదడుకు సెరటోనిన్ పుష్కలంగా అందుతుందని చెబుతుంటారు. కానీ రక్తానికీ మెదడుకూ మధ్య ఉన్న అడ్డుగోడను అది దాటలేదు. మెదడు తనకు కావలసింది తానే తయారుచేసుకుంటుంది.

ఎలుకల్లో అంత చక్కగా పనిచేసిన జేబీ-1ను కార్క్ బృందమే ఆరోగ్యవంతులైన 29 మంది మగవాళ్లకు ఇచ్చింది. ఒత్తిడిలో గానీ, మానసిక స్థితిలో గానీ, జ్ఞాపకశక్తిలో గానీ మందేమీ లేని ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా కనబడలేదు. తాము ఆశలు పెట్టుకున్న బ్యాక్టీరియా మనుషుల్లో పనిచేయలేదని ఆ శాస్త్రవేత్తలే 2017లో ప్రకటించారు. వాళ్ల మీద నాకు గౌరవం పెరిగింది ఆ ప్రకటన చదివాకే.

బెల్జియంలో యెరూన్ రాస్ బృందం వెయ్యి మందికి పైగా మనుషుల మలాన్ని పరీక్షించి, కుంగుబాటు (డిప్రెషన్) ఉన్నవాళ్లలో కోప్రోకాకస్, డయలిస్టర్ అనే బ్యాక్టీరియా తక్కువగా ఉందని 2019లో వెల్లడించింది. కోప్రోకాకస్ మనం తిన్న పీచుపదార్థాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకు అది ఆహారం, వాపును అదుపులో ఉంచే పదార్థం కూడా. అయితే బ్యాక్టీరియా తగ్గడం వల్ల కుంగుబాటు వచ్చిందా, కుంగిపోయి సరిగ్గా తినకపోవడం వల్ల బ్యాక్టీరియా తగ్గిందా అన్నది ఇలాంటి పరిశీలనతో తేలదు.

మరి మన పెరుగు సంగతి? గోరువెచ్చని పాలలో చెంచాడు తోడు వేసి మూత పెడితే, తెల్లారేసరికి కోట్లాది లాక్టిక్ బ్యాక్టీరియా అందులో పెరిగి ఉంటుంది. పక్కింటి నుంచి తోడు తెచ్చుకుంటే ఆ రకాలూ మారిపోవచ్చు. దాన్ని ప్రోబయోటిక్, అంటే ఒంటికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులున్నది, అనాలంటే ఫలానా రకం, ఇంత మోతాదులో, ఇంత మేలు చేస్తుందని పరీక్షించి ఉండాలి. ఇంటి పెరుగు మంచి ఆహారం. రోజూ తినండి, పప్పు, ఆకుకూరలు, జొన్నరొట్టె లాంటి పీచున్న తిండి కూడా తినండి. కానీ కుంగుబాటుకు మందులు మానేసి పెరుగన్నం తింటే చాలని ఎవరైనా చెబితే నాకు నిజంగా భయం వేస్తుంది. ఆ మందులు హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు.

ఇప్పటిదాకా వచ్చిన ఆశాజనకమైన ఫలితాల్లో ఒకటి లండన్ కింగ్స్ కాలేజీ 2023లో ప్రచురించింది. మందులు వాడుతున్నా పూర్తిగా తేరుకోని 49 మంది అందులో పాల్గొన్నారు. దాదాపు సగం మందికి 14 రకాల బ్యాక్టీరియా ఉన్న మాత్రలు, మిగతావారికి ఉత్తుత్తి మాత్రలు 8 వారాల పాటు ఇచ్చారు. రెండు గుంపుల్లోనూ దిగులు తగ్గింది, బ్యాక్టీరియా తీసుకున్నవాళ్లలో మరికాస్త ఎక్కువ తగ్గింది. వాళ్లందరూ ఆ మాత్రలు వేసుకున్నది డాక్టరు రాసిన మందులకు తోడుగానే.