సస్కాచెవాన్‌లో ఏ ఊరైనా ఒకటేనా? అపోహలు - వాస్తవాలు

కెనడాలోని సస్కాచెవాన్ ప్రావిన్స్‌లో, సాస్కటూన్ నగరంలో కొత్తగా వచ్చినవాళ్లకు ఉద్యోగాల విషయంలో సలహాలు ఇవ్వడం నా పని. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో బేస్‌మెంట్ పంచుకుని ఉంటున్న పిల్లల నుంచి ఫోన్లు వస్తుంటాయి. "అక్కా, సస్కాచెవాన్‌లో జాబ్ ఆఫర్ వచ్చింది, సంతకం పెట్టేయనా?" అంటారు. ఏ ఊళ్లో అని అడిగితే అప్పుడు ఆఫర్ లెటర్ తెరిచి చూస్తారు. "ఊరు ఏదైతే ఏముంది అక్కా, పీఆర్ (శాశ్వత నివాస హోదా) వస్తే చాలు" అంటారు. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, నా దగ్గరికి వచ్చినవాళ్లను అన్నిటికంటే ఎక్కువ దెబ్బతీసింది ఇదే.

అపోహ: సస్కాచెవాన్ అంతా ఒకటే. ఏ ఊళ్లో పనైనా పర్వాలేదు.

వాస్తవం: ఈ ప్రావిన్స్ సరిహద్దును ఏ నదీ, ఏ కొండా నిర్ణయించలేదు. 1905లో ప్రావిన్స్ ఏర్పడినప్పుడు అక్షాంశాలు, రేఖాంశాలు చూసి గీతలు గీసేశారు. అందుకే ఆ గీతల లోపల ఒకదానితో ఒకటి పోలికే లేని ప్రాంతాలు ఉన్నాయి. విస్తీర్ణం సుమారు 6.5 లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపినా ఇందులో సగం కావు. జనాభా మాత్రం 2021 లెక్కల ప్రకారం 11.3 లక్షలు. వాళ్లలో దాదాపు సగం మంది సాస్కటూన్, రెజైనా నగరాల్లోనూ వాటి చుట్టుపక్కలా ఉంటారు. మిగతావాళ్లు ఉండే చిన్న ఊళ్లలో చాలావాటికి ఒకే ఒక్క బతుకుతెరువు. ఆ బతుకుతెరువు ఏమిటో తెలుసుకోకుండా అక్కడికి వెళ్లకండి. నేను చెప్పదలచుకున్నది ముఖ్యంగా ఇదే.

ఆగ్నేయాన ఎస్టెవాన్, వేబర్న్ వైపు వెళ్తే ఆయిల్. అల్బర్టా సరిహద్దు మీద ఉన్న లాయిడ్‌మిన్‌స్టర్‌లోనూ ఆయిలే, కాకపోతే చిక్కటి హెవీ ఆయిల్. 2014 జూన్‌లో బ్యారెల్ 100 డాలర్లకు పైన ఉండేది. 2016 మొదట్లో 30 డాలర్ల కిందికి పడింది. ఆ రోజుల్లో నల్గొండ అబ్బాయి ఒకతను ఆయిల్ ఊళ్లో హోటల్ కిచెన్‌లో చేసేవాడు. "నాది వంట పని, ఆయిల్‌తో నాకేం సంబంధం?" అనుకున్నాడు. రిగ్గులు ఆగాయి, రిగ్గుల మీద పనిచేసేవాళ్లు వెళ్లిపోయారు, హోటల్ గదులు ఖాళీ అయ్యాయి, ఇతని గంటలు తగ్గాయి. వర్క్ పర్మిట్ ఆ ఒక్క యజమానికే కట్టుబడి ఉండటంతో వేరేచోట చేరాలంటే మళ్లీ పేపర్లన్నీ మొదటినుంచి. ఇంటి దగ్గర చేసిన అప్పుకు వడ్డీ పెరుగుతోంది. ఫోన్‌లో ఏడ్చాడు. అతని తప్పేమీ లేదు. ఆ ఊళ్లో చివరికి మంగలి షాపు కూడా ఆయిల్ ధర మీదే నడుస్తుందని అతనికి ముందుగా చెప్పినవాళ్లు లేరు.

సాస్కటూన్ చుట్టూ, అక్కడి నుంచి తూర్పున ఎస్టర్‌హేజీ దాకా పొటాష్, అంటే ఎరువుగా వాడే ఖనిజం. కోట్ల ఏళ్ల కిందట ఇక్కడున్న సముద్రం ఎండిపోయి మిగిలిన ఉప్పు పొర అది. గనులు సుమారు కిలోమీటరు లోతులో ఉంటాయి. ప్రపంచంలో వాడే పొటాష్‌లో దాదాపు మూడో వంతు ఇక్కడిదే. మన దగ్గర వరికీ, మిర్చికీ వేసే ఎర్రటి ఎంఓపీ బస్తాల్లో కొన్ని ఇక్కడి నుంచి వచ్చినవే. జీతాలు బాగుంటాయి, నిజమే. కానీ దీని ధర ఎక్కడ తేలుతుందో చూడండి. 2013 జులైలో రష్యా కంపెనీ ఉరల్‌కాలీ, తనతో కలిసి పొటాష్ అమ్మే బెలారస్ భాగస్వామితో తెగతెంపులు చేసుకుంది. ధర పడిపోయింది. అదే ఏడాది డిసెంబర్‌లో సాస్కటూన్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పొటాష్‌కార్ప్ మొత్తం మీద వెయ్యి మందికి పైగా ఉద్యోగులను తీసేసింది.

నైరుతిలో, రోజ్‌టౌన్, స్విఫ్ట్ కరెంట్ చుట్టూ వానలు తక్కువ. అక్కడ మసూర్ పప్పు, బఠాణీ బాగా పండుతాయి. 1970ల ముందు ఇక్కడ మసూర్ దాదాపు లేదు. సస్కాచెవాన్ యూనివర్సిటీలో ఆల్ స్లింకర్డ్ అనే శాస్త్రవేత్త 1978లో 'లెయిర్డ్' రకాన్ని విడుదల చేశాక దశ తిరిగింది. ఇప్పుడు మసూర్ ఎగుమతిలో కెనడాదే మొదటి స్థానం, ఆ పంటలో అత్యధిక భాగం ఈ ప్రావిన్స్‌దే. దాన్ని ఎక్కువగా కొనే దేశాల్లో మనది ఒకటి. అందుకే 2017 నవంబర్‌లో ఇండియా బఠాణీ మీద 50 శాతం, మరుసటి నెల మసూర్ మీద 30 శాతం సుంకం వేసినప్పుడు ఇక్కడి ఊళ్లు ఉలిక్కిపడ్డాయి. పప్పులు శుభ్రం చేసి కంటైనర్లకు ఎక్కించే ప్లాంటు ఒకదాంట్లో గుంటూరు నుంచి వచ్చిన దంపతులు షిఫ్టుల్లో చేసేవారు. రాత్రి షిఫ్టు ఎత్తేశారు. "మన ఢిల్లీలో తీసుకున్న నిర్ణయానికి ఇక్కడ మా ఆయన పని పోయిందండీ" అని ఆవిడ అన్నప్పుడు ఆ గొంతులో ఉన్నది కోపం కాదు, బిత్తరపాటు. బఠాణీ మీద సుంకాన్ని 2023 డిసెంబర్‌లో ఎత్తేశారు, 2025 నవంబర్‌లో మళ్లీ 30 శాతం వేశారు. రైతు వేరే పంటకు మారతాడు. ప్లాంటులో కూలీ మారలేడు.

ఇక ఉత్తర సగం. అక్కడ పొలాలు ఉండవు. అడవి, బండ, సరస్సులు, అథబాస్కా ప్రాంతంలో యురేనియం. 2015లో ఐదేళ్లపాటు ఇండియాకు యురేనియం ఇవ్వడానికి ఒప్పందం చేసుకున్న కామెకో కంపెనీ గనులు అక్కడివే. ఒకే పని మీద బతికే ఊరికి ఏమవుతుందో చూడాలంటే యురేనియం సిటీ కథ చదవండి. 1982లో గని మూసేశారు. వేలల్లో ఉన్న జనం కొద్ది కాలంలోనే ఖాళీ చేసి వెళ్లిపోయారు. ఇప్పుడు వంద మంది కూడా లేరు. స్కూలు, ఇళ్లు, అన్నీ వదిలేసిపోయారు.

అందుకని ఆఫర్ రాగానే జీతం కంటే ముందు ఇవి అడగండి. ఊరు దేని మీద బతుకుతోంది? అది పడిపోతే ఆ ఊళ్లో రెండో ఆధారం ఉందా? గంట ప్రయాణంలో పనులు దొరికే మరో ఊరు ఉందా? "ప్రావిన్స్‌లో నిరుద్యోగం తక్కువట కదా" అని చెప్పే కన్సల్టెంట్ మాట పట్టుకోవద్దు. మీరు బతకబోయేది సగటు లెక్కలో కాదు, ఆ ఊళ్లో. ఇప్పటికే సంతకం పెట్టేసి ఇది చదువుతూ టెన్షన్ పడుతున్నవాళ్లు కంగారు పడకండి. ఇవే ప్రశ్నలు ఇప్పుడు అడిగినా ఉపయోగమే. కనీసం మూడు నెలల అద్దె, తిండి ఖర్చు చేతిలో పెట్టుకుని బయలుదేరండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

అపోహ: వ్యవసాయ ప్రాంతం కదా, పొలం పనులు బోలెడు.

వాస్తవం: ఇక్కడ సగటు కమతం 1,700 ఎకరాల పైమాటే. అయినా ఒక కుటుంబం పెద్ద యంత్రాలతో నడిపేస్తుంది. విత్తనాల వేళ, కోతల వేళ కొందరిని పెట్టుకుంటారు, అంతే. వాళ్లకు కూడా కంబైన్ నడపడం వచ్చి ఉండాలి.

అపోహ: ఇక్కడ ఏడాదంతా మంచు, చలి.

వాస్తవం: మైనస్ 40 నిజం. అయితే 1937 జులైలో ఇక్కడి యెల్లోగ్రాస్, మిడేల్ ఊళ్లలో నమోదైన 45 డిగ్రీలు 2021 దాకా కెనడా మొత్తానికీ రికార్డు. ఇంకో సంగతి, చలికి పని ఆగదు. ఉత్తరాన కొన్ని ఊళ్లకు లారీలు వెళ్లేది శీతాకాలంలో సరస్సు గడ్డకట్టాకే.

అపోహ: చిన్న ఊళ్లో ఉన్నా బస్సెక్కి సాస్కటూన్ వెళ్లి రావచ్చు.

వాస్తవం: ప్రభుత్వ బస్సు సంస్థను 2017లోనే మూసేశారు. మరుసటి ఏడాది ప్రైవేటు బస్సు సంస్థ గ్రేహౌండ్ కూడా పశ్చిమ కెనడా నుంచి వెళ్లిపోయింది. ఎస్టెవాన్ నుంచి రెజైనా సుమారు 200 కిలోమీటర్లు, సాస్కటూన్ దానికి రెట్టింపు పైనే. డ్రైవింగ్ రాకపోతే చిన్న ఊరి ఆఫర్ ఒప్పుకోవద్దు. ఆడపిల్లలకు ఇది మరీ మరీ చెబుతాను.

అపోహ: యురేనియం గనిలో పని దొరికితే కుటుంబమంతా అడవిలో ఉండాలి. ఏజెంటుకు డబ్బిస్తే ఆ పని దొరుకుతుంది.

వాస్తవం: గని పక్కన ఇప్పుడు ఊళ్లు కట్టరు. యురేనియం సిటీ నేర్పిన పాఠం అది. మనుషుల్ని విమానంలో తీసుకెళ్తారు, క్యాంపులో ఉంచి పని చేయిస్తారు, విడత అయ్యాక వెనక్కి తెస్తారు. కుటుంబం సాస్కటూన్‌లోనే ఉండొచ్చు. ఆ ఉద్యోగాల్లో ఉత్తరాది వాసులకు, ముఖ్యంగా అక్కడి ఆదివాసీలకు ప్రాధాన్యం ఉంటుంది, ఉండాలి కూడా. ఇక ఏజెంటు సంగతి. ఉద్యోగం ఇప్పించినందుకు విదేశీ కార్మికుడి దగ్గర డబ్బు తీసుకోవడం ఈ ప్రావిన్స్ చట్టం ప్రకారం నేరం. ఇప్పటికే ఇచ్చి ఉంటే రసీదు, వాట్సాప్ మెసేజ్‌లు, బ్యాంకు వివరాలు ఏవీ చెరిపేయకుండా ప్రావిన్స్ ప్రభుత్వానికి ఫిర్యాదు చేయండి.