డిప్రెషన్, విటమిన్ రిపోర్టులు: అపోహలు - వాస్తవాలు

డిప్రెషన్‌తో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది కూర్చోగానే మాట్లాడరు, ఫైలు తెరుస్తారు. "డి విటమిన్ 14 ఉందండి డాక్టర్ గారూ. దీనివల్లే అయి ఉంటుంది కదా?" ఇది మనసు జబ్బు కాదు, విటమిన్ లోపమని తేలితే బాగుండునన్న ఆశ ఆ ప్రశ్నలో వినిపిస్తుంది. ఆ ఆశను నేను తప్పుపట్టను. కాకపోతే రిపోర్టులో అంకె తగ్గడం, ఆ తగ్గుదలే దిగులుకి కారణం కావడం వేర్వేరు సంగతులు. నేను రోజూ వినే అపోహల్లో ఎక్కువ భాగం ఈ రెంటినీ కలిపేయడం వల్ల పుట్టినవే.

అపోహ: డి విటమిన్ తగ్గితే డిప్రెషన్ వస్తుంది, వేసుకుంటే పోతుంది.

డిప్రెషన్ ఉన్నవాళ్లలో డి విటమిన్ సగటున తక్కువగా ఉంటుందన్నది నిజమే. అయితే ఏది ముందు, ఏది వెనక? నెలల తరబడి గది దాటని మనిషికి ఎండ ఎక్కడ తగులుతుంది? తిండి సరిగ్గా ఉండదు, నడక ఉండదు. కొందరికి బరువు పెరుగుతుంది, ఒంట్లో కొవ్వు పెరిగినప్పుడు కూడా రక్తంలో డి తక్కువగా కనిపిస్తుంది. అంటే చాలాసార్లు డిప్రెషనే డి విటమిన్‌ని తగ్గిస్తూ ఉండొచ్చు.

అమెరికాలో 50 ఏళ్లు దాటిన 18,353 మంది మీద జరిగిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. కొందరికి రోజుకు 2,000 యూనిట్ల డి3, మిగతావారికి మందు లేని ఉత్తుత్తి బిళ్ల ఇచ్చి సుమారు ఐదేళ్లు గమనించారు. కొత్తగా డిప్రెషన్ రావడంలోగానీ, పాతది తిరగబెట్టడంలోగానీ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇందులో వాళ్లు డి లోపం ఉన్నవాళ్లనే ఏరి తీసుకోలేదు. కాబట్టి 6 ఉన్న మనిషికి డి అక్కర్లేదని దీని అర్థం కాదు. అంత తక్కువుంటే నేను తప్పకుండా ఇస్తాను, కానీ ఎముకల కోసం, కండరాల కోసం. దిగులుకి వైద్యం వేరే చేస్తాను.

అసలు ఎంత ఉంటే తక్కువ? 2011లో ఒక నిపుణుల సంఘం మిల్లీలీటరుకు 20 నానోగ్రాములు (రిపోర్టులో కనిపించే అంకె ఇదే) చాలంది, అదే ఏడాది ఇంకో సంఘం 30 ఉండాలంది. ఆ 30 అన్న సంఘమే 2024లో ఆ గీతను వదిలేసింది. 25 ఉందని కంగారుపడి వచ్చేవారికి నేను ముందు ఈ కథే చెబుతాను.

ఎక్కువ వేసుకున్నా ఫర్వాలేదన్నది ఇంకా ప్రమాదం. డి మోతాదు మరీ మించితే రక్తంలో కాల్షియం పెరుగుతుంది. దాహం, మలబద్ధకం, నీరసం, మందకొడితనం, దిగులు కనిపిస్తాయి. అవి చూసి డిప్రెషన్ ముదిరిందనుకుని ఇంకో బిళ్ల వేసుకునేవాళ్లూ ఉంటారు.

అపోహ: హిమోగ్లోబిన్ బాగుంది కాబట్టి బి12 కూడా బాగానే ఉంటుంది.

విటమిన్లలో నేను నిజంగా భయపడేది దీని గురించే. 1988లో వచ్చిన ఒక అధ్యయనంలో, బి12 లోపం వల్ల నరాల, మనసు సమస్యలు వచ్చిన 141 మందిని చూస్తే వారిలో 40 మందికి రక్తహీనత లేదు, బి12 లోపంలో సాధారణంగా జరిగేలా ఎర్రకణాల సైజూ పెరగలేదు. రక్తం మామూలుగా ఉండగానే నరాలు దెబ్బతింటాయన్నమాట.

అందుకే నేను కాళ్ల దగ్గర మొదలుపెడతాను. అరికాళ్లలో తిమ్మిర్లు, చీకట్లో నడిస్తే తూలడం, నాలుక మంట, కొత్తగా వచ్చిన మతిమరుపు... దిగులుతో పాటు ఇవి ఉంటే బి12 చూడకుండా పంపను. మాంసాహారం, పాలు, గుడ్లు ముట్టనివాళ్లు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్న షుగర్ పేషెంట్లు, గ్యాస్ బిళ్లలు మానని వాళ్లు, జీర్ణాశయానికి ఆపరేషన్ అయినవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. బి12 మిల్లీలీటరుకు 200 పికోగ్రాముల కంటే తక్కువైతే లోపం ఉన్నట్టే. 200 నుంచి 300 మధ్య ఉంటే ఆ ఒక్క అంకెను నమ్మను, బి12 తగ్గితే ఒంట్లో పెరిగే మిథైల్ మలోనిక్ యాసిడ్ పరీక్ష కూడా అడుగుతాను.

ఇక్కడ జనం చేసే తప్పు ఒకటుంది. నీరసంగా ఉందని నాలుగు వారాలు బి12 కలిసిన బి కాంప్లెక్స్ వేసుకుని, ఆ తర్వాత పరీక్షకు వెళతారు. అంకె చక్కగా కనిపిస్తుంది, లోపం ఉండేదో లేదో ఇక తేలదు. బి12 లోపం ఉండగా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడటం ఇంకో చిక్కు. రక్తహీనత సర్దుకుంటుంది, లోపల నరాలు మాత్రం చెడిపోతూనే ఉంటాయి.

అపోహ: ఫెర్రిటిన్ నార్మల్ ఉంటే ఐరన్ లోపం లేనట్టే.

ఫెర్రిటిన్ అంటే ఒంట్లో ఐరన్ నిల్వలను చూపే ప్రోటీన్. జ్వరం, ఇన్‌ఫెక్షన్, కీళ్లవాపులాంటివి ఉన్నప్పుడు అది దానంతటదే పెరుగుతుంది. ఐరన్ లేకపోయినా ఉన్నట్టు చూపిస్తుంది. ఇక లక్షణాల సంగతి. ఐరన్ తగ్గినవాళ్లు సాధారణంగా "చేయాలని ఉంది, ఒళ్లు సహకరించడం లేదు" అంటారు. డిప్రెషన్‌లో ఉన్నవాళ్లు "చేయాలనే అనిపించడం లేదు" అంటారు. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు కాబట్టి దీన్ని పరీక్షలా వాడకండి. కానీ వింటున్నప్పుడు నాకు దారి చూపేది ఎక్కువగా ఈ తేడానే.

మెగ్నీషియం, జింక్ రక్తపరీక్షల గురించి పెద్దగా చెప్పను. ఒంట్లోని మెగ్నీషియంలో రక్తద్రవంలో ఉండేది ఒక్క శాతం లోపే. జింక్ అయితే భోజనం చేసినా, ఒంట్లో బాగోకపోయినా తగ్గుతుంది. దిగులు ఒక్కదాని కోసం ఇవి నేను రాయను. మనసు స్థితితో ముడిపెట్టే సెరటోనిన్ అనే రసాయనానికి చేసే రక్తపరీక్ష కూడా అంతే. రక్తంలోని సెరటోనిన్ పేగుల్లో తయారై వచ్చింది. మెదడులో ఏం జరుగుతోందో అది చెప్పదు.

అపోహ: మల్టీవిటమిన్ వేసుకుంటే డిప్రెషన్ రాకుండా ఆపొచ్చు.

యూరప్‌లో అధిక బరువుతో పాటు కొద్దిపాటి దిగులు లక్షణాలున్న 1,025 మందికి ఏడాది పాటు ఒమేగా-3, ఫోలిక్ యాసిడ్, డి, సెలీనియం కలిపి ఇచ్చి చూశారు. 2019లో ఫలితాలు వచ్చాయి, డిప్రెషన్ ఆగలేదు. దీనికి భిన్నంగా ఆస్ట్రేలియాలో 2017లో వచ్చిన చిన్న ప్రయోగంలో బిళ్లలు ఇవ్వలేదు, తిండి మార్పించారు. కూరగాయలు, పండ్లు, పప్పులు, ముడి ధాన్యాలు, చేపలు పెంచి, తీపి, వేపుళ్లు తగ్గించారు. పన్నెండు వారాల్లో దాదాపు మూడోవంతు మందికి డిప్రెషన్ పూర్తిగా తగ్గింది. తిండి మార్చకుండా, తోడు కూర్చుని కబుర్లు మాత్రమే చెప్పిన రెండో గుంపులో ఇది 8 శాతం. నాకు నచ్చిన ఫలితమే, కానీ అందులో ఉన్నది మొత్తం 67 మంది. పైగా తాము ఏ గుంపులో ఉన్నారో అందరికీ తెలుసు. తిండి మార్చుకోమని చెబుతాను, మందు మానేసి మార్చుకోమని చెప్పను.

"ముందు విటమిన్లు సరిచేసుకుంటాం, తగ్గకపోతే అప్పుడు చూద్దాం" అనేవాళ్లతో మాత్రం నాకు పేచీ. రెండూ కలిపి చేయొచ్చు, ఒకదానికి ఒకటి అడ్డం కాదు. చనిపోవాలన్న ఆలోచనలు వస్తుంటే డి విటమిన్ పెరిగేదాకా ఆగకూడదు. ఆ రోజే డాక్టర్‌ని కలవాలి, ఇంట్లో ఒకరికి చెప్పాలి.

ఇంకో చిన్న విషయం. కొత్తగా డిప్రెషన్ వచ్చినవారికి విటమిన్ల కంటే ముందు నేను చూసేది థైరాయిడ్. జుట్టు రాలుతోందని ఎక్కువ మోతాదులో బయోటిన్ అనే విటమిన్ వేసుకునేవాళ్లకి కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో థైరాయిడ్ రిపోర్టు తప్పుగా వస్తుంది. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను నడిపించే హార్మోన్) తక్కువగా, టీ4 (థైరాయిడ్ తయారుచేసే హార్మోన్) ఎక్కువగా కనిపించి, లేని జబ్బు ఉన్నట్టు చూపిస్తుంది. పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు అది ఆపండి. ల్యాబ్‌లో రక్తం ఇచ్చేటప్పుడు ఏమేం వాడుతున్నారో అడగకపోయినా మీరే చెప్పండి.