నీలి పళ్ళెం మీది బొమ్మ ఎవరిది?

ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో, కోబ్రిడ్జ్ అనే కుమ్మరుల ఊళ్ళో, జేమ్స్ క్లూస్ తన సోదరుడు రాల్ఫ్‌తో కలిసి 1810ల చివరినుంచి 1834 వరకు ఒక కార్ఖానా నడిపాడు. అక్కడ తయారైన ముదురు నీలం పళ్ళేలను నేటికీ, ముఖ్యంగా అమెరికాలో, ఇష్టంగా సేకరిస్తారు. అయితే వాటి మీది బొమ్మల్లో చాలావాటికి మూలం ఇతరుల చిత్రాలే. డేవిడ్ విల్కీ వర్ణచిత్రాలు, రోలాండ్‌సన్ హాస్యచిత్రాలు, విలియం వాల్ గీసిన హడ్సన్ నదీ దృశ్యాలు ఆ పళ్ళేలపైకి ఎక్కాయి. దీన్ని చౌర్యమనడం తొందరపాటు అవుతుంది; అప్పటికి ఇలాంటి నకలును గట్టిగా అడ్డుకునే చట్టం లేదు.

ఈ పద్ధతికి దారి వేసింది అచ్చు విద్య. రాగి రేకు మీద చెక్కిన బొమ్మను జిడ్డు రంగుతో పలుచని కాగితం మీదికి తీసి, ఒకసారి కాల్చిన పాత్రకు అంటించి, కాగితాన్ని నీటితో కడిగేసేవారు. తరువాత మెరుగుపూతలో ముంచి మళ్ళీ కాల్చేవారు. ఆ వేడికి చెక్కుచెదరకుండా నిలిచే రంగుల్లో కోబాల్ట్ నీలానిదే అగ్రస్థానం. 1780లలో స్టాఫర్డ్‌షైర్‌లోనే ఉన్న స్టోక్‌లో జోసయా స్పోడ్ అనే కుమ్మరి ఈ పనికి మెరుగులు దిద్దాడు. 1791లో ఈస్టిండియా కంపెనీ చైనా పింగాణీని పెద్దఎత్తున దిగుమతి చేయడం మానుకోగా, ఆ ఖాళీని ఈ చవక పాత్రలు పూరించాయి. స్పోడ్ కార్ఖానా, బెంగాల్ సైన్యంలో పనిచేసిన కెప్టెన్ విలియమ్సన్ పుస్తకంలోని వేట దృశ్యాలను తీసుకుని మన దేశపు పులులను, ఏనుగులను సైతం ఆంగ్లేయుల భోజనాల బల్ల మీదికి చేర్చింది.

బ్రిటన్‌కూ అమెరికాకూ మధ్య యుద్ధం 1815లో ముగియగానే అమెరికా విపణి తెరుచుకుంది. నిన్నటి శత్రువుల విజయగాథలనే పళ్ళేలపై అచ్చువేసి వారికే అమ్మడానికి స్టాఫర్డ్‌షైర్ వర్తకులు ఏమాత్రం సంకోచించలేదు. అమెరికా స్వాతంత్ర్యం కోసం బ్రిటన్‌పై పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెట్ 1824 ఆగస్టులో న్యూయార్క్ రేవులో దిగిన దృశ్యాన్ని క్లూస్ సోదరులు విరివిగా అచ్చువేశారు. వ్యాపారం దెబ్బతిన్నాక జేమ్స్ అమెరికా వెళ్ళి, 1837 ప్రాంతంలో ఇండియానాలోని ట్రాయ్‌లో కొత్త కార్ఖానా పెట్టాడు. అక్కడి మట్టి తెల్లటి పాత్రలకు అనువుగా లేక, ఆ ప్రయత్నం విఫలమై, స్వదేశానికి తిరిగివచ్చాడు.

బొమ్మల నకలుకు గట్టి అడ్డుకట్ట 1842 నాటి బ్రిటిష్ డిజైన్ల చట్టంతోనే పడింది. దానితో కుమ్మరులు ఊహాజనిత దృశ్యాలవైపు మరింతగా మళ్ళారు. నమోదైన డిజైను ఉన్న పాత్రల అడుగున వజ్రాకారపు గుర్తు చేరింది. ఆ నమోదు ఏ రోజు జరిగిందో దానినిబట్టి నేటికీ చెప్పవచ్చు. క్లూస్ పళ్ళేలకు ఆ సౌలభ్యం లేదు. వాటి కాలాన్ని కార్ఖానా ముద్రనుబట్టి, ఎరువు తెచ్చుకున్న బొమ్మనుబట్టి నిర్ణయించవలసిందే.