ఆమ్‌స్టర్‌డామ్ కార్డుల గది: అరొన్డేయస్ పేరు చుట్టూ తెగని తగాదా

డచ్ చిత్రకారుడు, రచయిత విల్లెమ్ అరొన్డేయస్ పేరు వార్తల్లోకి వచ్చినప్పుడల్లా అదే తగాదా మొదలవుతుంది. 2023లో స్టీఫెన్ ఫ్రై బ్రిటన్ టీవీకి అతని మీద, అతని తోటి ప్రతిఘటనకారిణి, సంగీతకారిణి ఫ్రీడా బెలిన్‌ఫాంటే మీద డాక్యుమెంటరీ చేసినప్పుడూ ఆ ప్రశ్నే ముందుకొచ్చింది. ఏటా మే 4న నెదర్లాండ్స్ తన యుద్ధ మృతులను తలచుకునే రోజునా అదే గొణుగుడు. "నాజీలను ఎదిరించి ప్రాణమిచ్చాడు, బాగానే ఉంది. అతను గే అన్న సంగతి ఇక్కడెందుకు?" అంటుంది ఒక పక్షం. "ఆ సంగతి చెప్పమన్నది అతనే కదా" అంటుంది రెండో పక్షం.

హిట్లర్ ఎలా గద్దెనెక్కాడు, 1933 మేలో బెర్లిన్‌లో లైంగికతను అధ్యయనం చేసే హిర్ష్‌ఫెల్డ్ సంస్థ పుస్తకాలను ఎలా తగలబెట్టారు అన్నవి అందరూ చదివినవే, వదిలేద్దాం. నెదర్లాండ్స్ 1940 మేలో ఐదు రోజుల్లో చేతులెత్తేసింది. అక్కడ మొదలుపెడితే చాలు. మామూలుగా ఈ కథను 1943 మార్చి 27 రాత్రి ఆమ్‌స్టర్‌డామ్ జనాభా రిజిస్టర్ ఆఫీసులో అరొన్డేయస్ బృందం చేసిన పేలుడు దగ్గర మొదలుపెడతారు. అసలు మలుపు మాత్రం అంతకు రెండేళ్ల ముందే, ప్రతి డచ్చివాడి జేబులోకీ ఒక గుర్తింపు కార్డు చేరినప్పుడే వచ్చింది.

ఆ కార్డు జర్మన్ల బుర్రలో పుట్టింది కాదు. జనాభా రిజిస్టర్ల తనిఖీ శాఖకు అధిపతి యాకోబ్ లెంట్స్ అనే డచ్ అధికారి. ఫైళ్లంటే ప్రాణం పెట్టే మనిషి. యుద్ధానికి ముందే ఆయన గుర్తింపు కార్డు ప్రతిపాదన పెడితే, ప్రతి పౌరుణ్ణీ నేరస్తుడిలా చూడటం మన పద్ధతి కాదని డచ్ ప్రభుత్వం పక్కన పడేసింది. ఆక్రమణ వచ్చాక అడ్డు చెప్పేవాళ్లు లేకపోయారు. 1941 వసంతం నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ కార్డు తప్పనిసరైంది. నీటిముద్ర ఉన్న కాగితం, ఫోటో, వేలిముద్ర, ఊడదీస్తే చిరిగిపోయే పారదర్శకమైన అంటింపు, క్వార్ట్జ్ దీపం కింద పెడితే గుట్టు బయటపెట్టే సిరా, అన్నీ అందులో ఉన్నాయి. జర్మన్ల సొంత కార్డు కన్నా ఇదే గట్టిదని చెప్పుకునేవారు. యూదుల కార్డు మీద నల్లగా ఒక 'జె' అక్షరం పడేది. 1941 జనవరి ఉత్తర్వు ప్రకారం తమంతట తామే వెళ్లి పేర్లు రాయించుకున్న యూదులు, యూదు మూలాలున్నవాళ్లు కలిపి సుమారు 1,60,000 మంది. దేశం నుంచి రైళ్లెక్కించి పంపిన యూదుల్లో చనిపోయినవారు లక్షకు పైనే. పశ్చిమ యూరప్‌లో ఇంత నిష్పత్తి ఇంకెక్కడా లేదు. ఆ తేడాకు చరిత్రకారులు చెప్పే కారణాల్లో ఈ రిజిస్టర్ల చక్కదనం ఒకటి.

దొంగకార్డు చేయడంలో చిక్కు ఎక్కడుందో తెలిస్తే తప్ప తర్వాత జరిగింది అర్థం కాదు. మొదట్లో పని సులువనుకున్నారు. పోగొట్టుకున్న కార్డో, కొట్టేసిన కార్డో దొరికితే ఫోటో మార్చడమే. ఫోటో ఊడదీయబోతే వెనక ఉన్న అంటింపు, దాని మీది వేలిముద్ర చెడిపోయేవి. 'జె'ని ద్రావకంతో తుడవబోతే కింది అచ్చు సిరా కరిగి మరక పడేది. దాంతో కార్డును మొత్తంగా కొత్తగా అచ్చు వేయడమే దారి అయింది. శిల్పి గెరిట్ వాన్ డెర్ వేన్ నడిపిన రహస్య కేంద్రం ఆ పనే చేసింది. ముద్రాపకుడు ఫ్రాన్స్ డ్యువార్ అచ్చు చూశాడు. స్టెడెలిక్ మ్యూజియంలో పనిచేసే అక్షరశిల్పి విల్లెమ్ సాండ్‌బర్గ్ సాయం పట్టాడు. యుద్ధం ముగిసేలోగా ఆ కేంద్రం తయారుచేసిన కార్డులు 80,000 వరకూ ఉంటాయని లెక్క. అచ్చులూ అక్షరాలూ చేతిలో ఉన్నవాళ్లకే ఇది సాధ్యం. ప్రతిఘటనలో ఇంతమంది కళాకారులు ఎందుకున్నారని ఆశ్చర్యపోయేవాళ్లు ముందు ఈ పని చూడాలి.

అయితే కార్డు ఎంత బాగా కుదిరినా దానికో జంట ఉంది. ఊరి రిజిస్టర్ ఆఫీసులో అదే పేరుతో ఇంకో కార్డు ఉంటుంది. వీధిలో ఆపిన పోలీసుకు అనుమానమొస్తే ఆ ఆఫీసులో అడుగుతాడు. ఆ పేరు, ఆ చిరునామా, ఆ పుట్టినరోజు అక్కడ లేకపోతే చేతిలోని కార్డు చిత్తుకాగితమే. కాబట్టి ఎంత నేర్పుగా దొంగకార్డులు చేసినా, ఆఫీసులో ఉన్న అసలు కార్డులు కాలితే తప్ప లాభం లేదు. దాడి ఆలోచన పుట్టింది ఈ లెక్కలోంచి, కోపంలోంచి కాదు.

అరొన్డేయస్ ఇందులోకి వచ్చింది బ్రష్షుతో, ఆ తర్వాత కలంతో. 1894లో నార్డెన్‌లో పుట్టాడు. తన ప్రేమ సంగతి దాచనన్నందుకు ఇంట్లో గొడవై, పద్దెనిమిదో ఏట గడప దాటాడు. 1923లో రోటర్‌డామ్ నగర సభా భవనానికి కుడ్యచిత్రం వేశాడు. ఆ పేరు కడుపు నింపలేదు. ముప్ఫైల్లో రాతకు మళ్లి రెండు నవలలు, చిత్రకారుడు మథైస్ మారిస్ జీవితచరిత్ర తెచ్చాడు. పేదరికంలోనే ఏళ్ల తరబడి యాన్ టైసెన్‌తో కలిసి ఒకే ఇంట్లో కాపురమున్నాడు, అదీ దాచకుండానే.

కళాకారులకు సొంత పరీక్ష 1941 చివర్లో వచ్చింది. ఆక్రమణదారులు పెట్టిన 'కుల్టూర్‌కామర్' అనే కళాకారుల సంఘంలో సభ్యత్వం లేనివాళ్లు బొమ్మ అమ్మకూడదు, వేదికెక్కకూడదు, పుస్తకం అచ్చేయకూడదు. యూదులకు అందులో చోటే లేదు. చాలామంది పొట్టకూటికి చేరారు. చేరనివాళ్ల కోసం అరొన్డేయస్ 1942లో 'బ్రాండారిస్ బ్రీఫ్' అనే రహస్య పత్రిక మొదలుపెట్టాడు. తర్వాత అది వాన్ డెర్ వేన్ బృందం నడిపే 'ద ఫ్రెయె కున్స్టెనార్'లో కలిసింది. పేరు నమోదు చేయించుకోవడానికి నిరాకరించిన మనుషులే ఏడాది తిరక్కముందే పేర్ల గది తగలబెట్టడానికి బయల్దేరారు. ఈ వరస యాదృచ్ఛికం అనుకోవడం నాకు కష్టం.

క్వియర్ సమాజానికి జాబితా భయం ఇంకా పాతది. నెదర్లాండ్స్‌లో 1911 నుంచే 248బిస్ అనే సెక్షను ఉంది. ఆడా మగా మధ్య 16 ఏళ్లకు చెల్లే సంబంధం, ఒకే లింగం వారి మధ్య 21 దాటితే తప్ప చెల్లదు. దీనికి ఎదురుగా 1912లో సంస్థ పెట్టిన న్యాయవాది యాకోబ్ స్కోరెర్, 1940 మేలో జర్మన్లు రాగానే తన దగ్గరున్న కాగితాలను నాశనం చేశాడు. ఆయన గ్రంథాలయాన్ని మాత్రం జర్మన్లు ఎత్తుకుపోయారు. అదే జులైలో 81/1940 ఉత్తర్వుతో మగవాళ్ల మధ్య సంబంధమంతా, వయసుతో పని లేకుండా, నేరమైంది. (పేర్ల పుస్తకం ఎంత పని చేస్తుందో హైదరాబాదు పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. ట్రాన్స్‌జెండర్ల పేర్లతో రిజిస్టర్ పెట్టమన్న 1329 ఫసలీ (1919) నాటి నిజాం చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లోనే.)

ఇక ఆ రాత్రి. ఆమ్‌స్టర్‌డామ్ రిజిస్టర్ ఆఫీసు ప్లాంటాజ్ కెర్క్‌లాన్ 36లో, ఆర్టిస్ జంతుప్రదర్శనశాల పక్కనే. మొదటి చిక్కు కాపలావాళ్లు. వాళ్లూ డచ్చివాళ్లే, వాళ్లను చంపకూడదన్నది బృందం పెట్టుకున్న నియమం. అందుకని దర్జీ పని తెలిసిన షూర్డ్ బక్కర్ పోలీసు యూనిఫాంలు సిద్ధం చేశాడు. ఇతనూ గేనే. అరొన్డేయస్ కెప్టెన్ వేషం కట్టి, పేలుడు పదార్థాల కోసం భవనం సోదా చేయాలని తలుపు తీయించాడు. వైద్య విద్యార్థులు కాపలావాళ్లకు మత్తు సూదులు వేశారు. వాళ్లను మోసుకెళ్లి మంటకు దూరంగా పక్క తోటలో పడుకోబెట్టారు.

రెండో చిక్కు కాగితానిది. డ్రాయర్లలో గట్టిగా కుక్కిన కార్డులు అంత త్వరగా కాలవు. మధ్యకు గాలి అందదు, అంచులు నల్లబడి ఆగిపోతాయి. అందుకే ముందు డ్రాయర్లు లాగి, కార్డులను నేల మీద గుట్టలు పోసి, వాటి మీద బెంజీన్ పోశారు. పేలుడు పదార్థాలు ఆ తర్వాతి అంకం. మంటలు లేచాక వచ్చిన అగ్నిమాపక సిబ్బంది తొందరపడలేదు. పైగా అవసరానికి మించి నీళ్లు కొట్టారు. కాలకుండా మిగిలినవాటిలో కొన్ని తడిసి ముద్దయ్యాయి.

ఫలితం? సుమారు 8,00,000 కార్డుల్లో పాడైనవి 15 శాతం. వాళ్లు పట్టుకొచ్చినవి 600 ఖాళీ గుర్తింపు కార్డులు, 50,000 గిల్డర్లు. ఇంతేనా అని తక్కువ చేసే రాతలు ఇప్పటికీ వస్తున్నాయి. ప్రతి కార్డుకూ ఇంకో నకలు హేగ్‌లోని క్లైకాంప్ భవనంలో భద్రంగా ఉందన్నది వాళ్ల వాదన. నిజమే. ఆ నకళ్ల కోసం 1944 ఏప్రిల్ 11న బ్రిటిష్ మస్కిటో విమానాలు పట్టపగలు ఆ భవనం మీద బాంబులు వేయాల్సివచ్చింది. అందులో పనిచేసే సుమారు 60 మంది చనిపోయారు. ఆ లెక్క పక్కన పెట్టి చూస్తే, ప్లాంటాజ్ కెర్క్‌లాన్‌లో ఒక్క ప్రాణం పోకుండా జరిగిన పని చిన్నదిగా కనిపించదు.

దెబ్బతీసింది కూడా పేర్లే. ఎవరో సమాచారమిచ్చారు. ఏప్రిల్ 1న అరొన్డేయస్ దొరికిపోయాడు. నోరు విప్పలేదు గానీ, అతని నోటుపుస్తకం పోలీసుల చేతికి చిక్కడంతో మిగతావాళ్లలో చాలామంది పట్టుబడ్డారని చెబుతారు. పేర్లు కాల్చడానికి వెళ్లినవాడు పేర్లు రాసి పెట్టుకోవడం అతను చేసిన ఘోరమైన తప్పు. అతన్ని మెచ్చుకునేవాళ్లు ఈ ముక్క దాటేయడం సరికాదు.

జూన్‌లో కొలోనియల్ ఇన్‌స్టిట్యూట్ భవనంలో విచారణ జరిగింది. నేరమంతా తనదేనని అరొన్డేయస్ ఒప్పుకున్నాడు. జులై 1న పన్నెండు మందిని కాల్చి చంపారు. వాళ్లలో చిత్రకారుడు, రచయిత, ఆర్కిటెక్టు, దర్జీ, విద్యార్థులు ఉన్నారు. బక్కర్ చివరి కోరికగా గులాబీ రంగు చొక్కా అడిగాడు. అరొన్డేయస్ తన మిత్రురాలు, న్యాయవాది లావ్ మాజిరెల్ ద్వారా ఒక కబురు పంపాడు. గేలు పిరికివాళ్లు కారని జనానికి తెలియాలన్నది ఆ కబురు. మాటలు కొద్ది తేడాలతో ప్రచారంలో ఉన్నా, అర్థం గురించి వివాదం లేదు.

ఆ కబురు నలభై ఏళ్ల పాటు దాదాపుగా ఎవరికీ చేరలేదు. యుద్ధం ముగిశాక కథకు ముఖంగా వాన్ డెర్ వేన్ నిలిచాడు. అతను మార్చిలో తప్పించుకుని, 1944 మేలో జైలు మీద దాడిలో గాయపడి, జూన్ 10న డ్యువార్‌తో పాటు మరణశిక్షకు గురయ్యాడు. అతని త్యాగంలో తక్కువేం లేదు. జర్మన్ భద్రతా పోలీసులు కొలువు తీరిన వీధికే ఆమ్‌స్టర్‌డామ్ అతని పేరు పెట్టుకుంది. అతనికి భార్యాపిల్లలున్నారు. పాఠ్యపుస్తకంలో ఇమిడే వీరుడు. 81/1940 యుద్ధంతో పోయినా 248బిస్ 1971 దాకా నిలిచే ఉంది. అరొన్డేయస్ చివరి మాటను బడిలో చెప్పాలంటే ముందు ఆ సెక్షను గురించీ చెప్పాలి కదా.

1970 మే 4న ఆమ్‌స్టర్‌డామ్‌లోని డామ్ చౌకు యుద్ధ స్మారకం దగ్గర పూలచక్రం ఉంచబోయిన ఇద్దరు గే యువకులను పోలీసులు పట్టుకెళ్లారు. ఆ అవమానం లోంచే ప్రత్యేక స్మారకం కావాలన్న కోరిక పెరిగింది. కారిన్ దాన్ రూపకల్పన చేసిన మూడు గులాబీ రాతి త్రిభుజాలు 1987 సెప్టెంబరు 5న వెస్టర్‌మార్క్ట్‌లో వెలిశాయి. ఒక కొన డామ్ స్మారకం వైపు, ఇంకొకటి ఆన్ ఫ్రాంక్ ఇంటి వైపు. అరొన్డేయస్‌కు ప్రతిఘటన స్మారక పతకం 1984లో వచ్చింది. ఇజ్రాయెల్‌లోని హోలోకాస్ట్ స్మారక సంస్థ యాద్ వాషెం గౌరవం 1986లో.

గే అన్న సంగతి ఇక్కడెందుకు అనే పక్షం దగ్గర ఒక గట్టి ఆధారం ఉంది. 2009లో ఉట్రెక్ట్‌లో సమర్పించిన ఒక సిద్ధాంత గ్రంథం, ఆక్రమిత నెదర్లాండ్స్‌లో గేలను జర్మన్లు పద్ధతిగా వేటాడలేదని తేల్చింది. దాని కోర్టు రికార్డుల లెక్కలను కొట్టిపారేయలేం. అయితే దాన్ని పట్టుకుని, వేటే లేనప్పుడు గే ప్రతిఘటన అనే మాటేమిటి అనేవాళ్లు ఒకటి మర్చిపోతున్నారు. కోర్టు రికార్డులో దొరికినవాళ్లే కనిపిస్తారు, తమ కాగితాలు ముందే తగలబెట్టుకున్నవాళ్లు కనిపించరు. పైగా అరొన్డేయస్ బాధితుడిగా గుర్తించమని అడగలేదు. పిరికివాడన్న ముద్ర తీసేయమన్నాడు.

దాడిలో తనూ పాల్గొంటానని ఫ్రీడా బెలిన్‌ఫాంటే అడిగితే ఆడమనిషివని వద్దన్నారు. చెల్లో వాయించేది, ఆర్కెస్ట్రా నడిపేది, తండ్రి వైపు యూదు మూలాలు, లెస్బియన్. 81/1940 మగవాళ్ల మీదే కాబట్టి ఆ ఉత్తర్వు కింద ఆమె నేరస్తురాలు కూడా కాదు. దొంగకార్డుల పనిలో మొదటినుంచీ ఉంది. పట్టుబడ్డవాళ్ల వరస మొదలయ్యాక మూడు నెలలు మగ వేషంలో ఊళ్లోనే తిరిగింది. వీధిలో సొంత తల్లి ఎదురై గుర్తు పట్టకుండా వెళ్లిపోయిందట. ఆ చలికాలంలో మంచుకొండలు నడిచి దాటి స్విట్జర్లాండ్ చేరింది. తర్వాత కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీ ఫిల్హార్మోనిక్‌ను నిలబెట్టి, 1962లో ఆ పని పోగొట్టుకుంది. తన జీవితం గురించి పుట్టిన పుకార్లు కూడా అందుకు కారణమని ఆమె అనుకుంది.

అరొన్డేయస్ బృందం గురించి ఆమె వివరంగా చెప్పిన మాటలు 1994లో అమెరికా హోలోకాస్ట్ మ్యూజియం రికార్డు చేసింది. అందులో నాయకుడు అరొన్డేయసే. యాభై ఏళ్ల తర్వాతి జ్ఞాపకం అని దాన్ని పక్కన పెట్టేవాళ్లున్నారు. అప్పటికి సాండ్‌బర్గ్ పోయి పదేళ్లయింది, ఆమెకు తొంభై. మరుసటి ఏడాది శాంటా ఫేలో ఆమె కూడా కన్నుమూసింది.