దేవుడి ముందు ఆడే పెద్దవయసు ఆడవాళ్లు: నిషేధం నుంచి కోలాటం దాకా

ఒంటిమిట్ట రాములవారి ఉత్సవాల్లో, దేవుని కడప బ్రహ్మోత్సవాల్లో వాహనం ముందు కోలాటం వేసే బృందాల్లో యాభై, అరవై దాటిన ఆడవాళ్లు చాలామంది ఉంటారు. ఇంత బాహాటంగా నడివీధిలో ఈ వయసువాళ్లు ఆడటం ఎప్పటి నుంచో ఉన్న ఆచారమేమీ కాదు.

సీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1947లో దేవదాసీ అంకిత నిరోధక చట్టం వచ్చింది. దాని వెనుక మద్రాసు శాసనమండలి సభ్యురాలిగా పనిచేసిన డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి ఏళ్లపాటు చేసిన పోరాటం ఉంది. దేవుడికి ఆడపిల్లల్ని అంకితమివ్వడం ఆపాల్సిందే. అనంతపురం, కర్నూలు పల్లెల్లో బసివి ఆచారం (ఆడపిల్లను దేవుడికి వదిలేయడం) ఎందరి బతుకులు బుగ్గి చేసిందో తెలిసినవాళ్లెవరూ కాదనరు. 1988లో ఆంధ్రప్రదేశ్ మళ్లీ చట్టం చేయాల్సి వచ్చిందంటే అది ఎంత మొండిదో అర్థమవుతుంది. కానీ 1947 చట్టం అంకితం దగ్గరే ఆగలేదు. గుడి ఆవరణలో, ఊరేగింపులో ఆడవాళ్లు ఆడటాన్నే నిషేధించింది. ఆ దెబ్బ మేళాల్లోని, అంటే దేవదాసీల ఆటపాటల బృందాల్లోని, పెద్దవాళ్లకూ తగిలింది. కాళ్లు సహకరించకపోయినా కూర్చుని పదం అభినయించేవాళ్లు, వెనక నిలబడి పాడేవాళ్లు, పిల్లలకు నేర్పేవాళ్లు వాళ్లే. వయసు పెరిగేకొద్దీ విద్యకు విలువ పెరిగిన చోటు అదొక్కటే.

సంసారుల ఇళ్లలో ఆ చోటు కూడా ఉండేది కాదు. గొబ్బి తట్టేది కన్నెపిల్లలు, ముత్తైదువలు. మొగుడు పోయినామె గడప లోపలే. చెక్కభజన, ఉరుముల నృత్యం, గొరవయ్యల ఆట లాంటి జానపద ఆటలు మగవాళ్ల సొత్తుగా ఉండేవి.

కోలాటం భజన మందిరాల దారిన వచ్చింది. టీటీడీ దాస సాహిత్య ప్రాజెక్టు భజన మండళ్లు తిరుమల వాహన సేవల దాకా వెళ్లడంతో ఇళ్లలో అడ్డు చెప్పేవాళ్లు తగ్గారు. చాలా బృందాల్లో తాళి ఉందా లేదా అని ఎవరూ అడగరు. నా దృష్టిలో ఇది చిన్న మార్పు కాదు.

అయినా జడకోలాటానికి వచ్చేసరికి పెద్దవాళ్లను పక్కన పెడతారు. పైన కట్టిన తాళ్ల కొసలు ఒక చేత, కర్ర ఇంకో చేత పట్టుకుని, సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ, ఒకరిని లోపలి నుంచి, మరొకరిని బయటి నుంచి దాటుకుంటూ పోతే జడ పడుతుంది. సరి సంఖ్య తప్పనిసరి. మోకాలు పట్టేసి ఒకామె ఆగిందంటే ఆట మొత్తం ఆగాలి. ఒక్కరు వరసగా రెండుసార్లు లోపలి నుంచి దూరినా తాడు ముడిపడుతుంది, వెనక్కి తిరిగినా జడ విడదు. ఈ భయంతోనే గురువులు వయసువాళ్లను తాళాలు కొట్టడానికి పంపిస్తారు.

దీనికి విరుగుడు ఉంది. పాట వేగం తగ్గించాలి. గుంజీలా కూర్చుని లేచే కోపు (అడుగుల వరస) తీసేసి నిలబడే కొట్టించాలి. కర్రలు తలపైన కాకుండా నడుము ఎత్తులో తాకించాలి, భుజాలు నొప్పెట్టవు. తారురోడ్డు కాలే వేళ కాకుండా పొద్దు వాలాక మొదలుపెట్టాలి. ప్రతి వరసలో ఒక జతను అదనంగా సిద్ధం చేసుకుంటే ఎవరైనా మధ్యలో తప్పుకున్నా ఆట ఆగదు.

ఇదంతా దేవుడి పల్లకి ముందు సాధ్యమవుతోంది. అదే ఆట కడప ఏడురోడ్ల దగ్గరో, కర్నూలు కొండారెడ్డి బురుజు ముందో, అనంతపురం క్లాక్ టవర్ కిందో ఏ ఉత్సవమూ లేని రోజు ఆడాలంటే పోలీసు అనుమతి, మైకు అనుమతి తెచ్చుకోవాలి. రాత్రి పదికల్లా మైకు ఆపాలి. అన్నిటికన్నా కష్టం, ‘ఈ వయసులో ఎందుకమ్మా?’ అని ఇంట్లో కొడుకు అడిగినప్పుడు దేవుడి పేరు చెప్పకుండా, ‘నాకు ఆడాలనుంది’ అని చెప్పగలగడం.