రాసిన ఫీడ్‌బ్యాక్ విద్యార్థికి ఎందుకు కనబడదు? మూడుల్ క్విజ్‌లపై అపోహలు - వాస్తవాలు

ఆన్‌లైన్‌లో కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్ మూడుల్ (Moodle). అందులో క్విజ్‌లు పెట్టే లెక్చరర్లకు సాయం చేయడం నా పని. ఎక్కువగా వినే మాట ఇదే: "ప్రతి ప్రశ్నకూ కూర్చుని వివరణ రాశానండీ, పిల్లలకు ఒక్కటీ రావడం లేదట." రాసింది ఎక్కడికీ పోదు. అది ఎప్పుడు, ఎవరికి కనబడాలన్న సెట్టింగ్ దగ్గరే దాదాపు ప్రతిసారీ తేడా వస్తుంది.

అపోహ: విద్యార్థి అటెంప్ట్‌ను (అంటే ఒకసారి రాసిన క్విజ్‌ను) నేను తెరిస్తే అన్నీ ఉన్నాయి, కాబట్టి లోపం వాళ్ల ఫోన్‌లోనే.

విద్యార్థికి ఏది ఎప్పుడు కనబడాలో టిక్‌లతో చెప్పే సెట్టింగే రివ్యూ ఆప్షన్స్. రిజల్ట్స్‌లోంచి అటెంప్ట్ తెరిచే టీచర్‌కు అవి అడ్డురావు. మార్కులు, సరైన జవాబు, ఫీడ్‌బ్యాక్ అన్నీ కనబడతాయి. విద్యార్థికి మాత్రం మీరు టిక్ పెట్టినవే. అందుకే ఒక డమ్మీ విద్యార్థి అకౌంట్‌ను కోర్సులో చేర్చి, కావాలని రెండు ప్రశ్నలు తప్పు రాసి సబ్మిట్ చేసి చూడమంటాను.

అపోహ: "ఇమ్మీడియట్లీ ఆఫ్టర్ ది అటెంప్ట్" కింద టిక్ పెడితే ఇక ఎప్పుడైనా చూసుకోవచ్చు.

అందరూ పడే గుంట ఇదే. రివ్యూ ఆప్షన్స్‌లో టిక్‌లు నాలుగు నిలువు వరసల్లో ఉంటాయి: క్విజ్ రాస్తుండగా, రాసిన వెంటనే, ఆ తర్వాత క్విజ్ తెరిచి ఉండగా, క్విజ్ ముగిశాక. ఇక్కడ "ఇమ్మీడియట్లీ" అంటే సబ్మిట్ చేశాక 2 నిమిషాలు, అంతే. ఆ తర్వాత క్విజ్ ఇంకా తెరిచి ఉంటే మూడో నిలువు వరస అమల్లోకి వస్తుంది, ముగింపు తేదీ దాటాక నాలుగోది. మూడో వరస ఖాళీగా ఉంటే రెండు నిమిషాల క్రితం కనబడిన వివరణ మాయమవుతుంది. బస్సులో క్విజ్ రాసి సబ్మిట్ చేసిన అమ్మాయి, రాత్రి ఇంట్లో తీరిగ్గా తెరిస్తే ఏమీ ఉండదు. తన తప్పేమిటో తెలియకుండానే తర్వాతి పాఠానికి వెళ్లిపోతుంది. నాకు బాధ కలిగేది అక్కడే.

ముగింపు తేదీయే పెట్టకపోతే నాలుగో దశ అసలు రాదు. ప్రతి వరసలోనూ మొదటి టిక్ "ది అటెంప్ట్"ది, అంటే విద్యార్థి తను రాసింది తెరిచి చూడొచ్చా అన్నది. అది తీసేస్తే ఆ వరసలో ప్రశ్నలవారీ ఫీడ్‌బ్యాక్ కూడా ఆగిపోతుంది.

ఇంకో జాగ్రత్త: ఒక విద్యార్థికి మాత్రమే సెట్టింగ్ మార్చే ఓవర్‌రైడ్‌తో గడువు పెంచితే, మిగతావాళ్లకు మాత్రం పాత తేదీకే క్విజ్ ముగుస్తుంది. నాలుగో వరసలో సరైన జవాబులకు టిక్ ఉంటే, అతను ఇంకా రాయకముందే అవి స్నేహితుల చేతిలో ఉంటాయి.

అపోహ: సెట్టింగ్ తప్పయితే పిల్లలతో పరీక్ష మళ్లీ రాయించాలి.

అక్కర్లేదు. రివ్యూ ఆప్షన్స్ మార్చి సేవ్ చేస్తే ముందే రాసిన అటెంప్ట్‌లకూ వర్తిస్తాయి. కొత్తగా మొదలయ్యే అటెంప్ట్‌లకే వర్తించేది క్వశ్చన్ బిహేవియర్ (ప్రశ్నలు విద్యార్థితో ఎలా నడవాలన్న సెట్టింగ్) మార్పు. డిఫర్డ్ ఫీడ్‌బ్యాక్‌తో (అంతా సబ్మిట్ చేశాకే ఫలితం చూపే పద్ధతితో) మొదలైనది చివరిదాకా అలాగే నడుస్తుంది.

అపోహ: క్వశ్చన్ బిహేవియర్‌లో "ఇంటరాక్టివ్ విత్ మల్టిపుల్ ట్రైస్" (తప్పయితే అదే ప్రశ్నను మళ్లీ ప్రయత్నించనిచ్చే పద్ధతి) ఎంచుకుంటే చాలు, పిల్లలకు మూడు అవకాశాలు వస్తాయి.

అవకాశాల లెక్క క్విజ్‌లో ఉండదు, ప్రశ్నలో ఉంటుంది. ఎన్ని హింట్లు రాస్తే అంతకు ఒకటి ఎక్కువ. హింట్ ఒక్కటీ లేకపోతే ఒకే అవకాశం. రెండు హింట్లు రాయండి: మొదటిది ఆలోచన ఎటు పోవాలో చెప్పేది, రెండోది ఇంకాస్త దగ్గరికి తెచ్చేది.

అపోహ: జనరల్ ఫీడ్‌బ్యాక్, స్పెసిఫిక్ ఫీడ్‌బ్యాక్ ఒకటే.

స్పెసిఫిక్ విద్యార్థి ఇచ్చిన జవాబును బట్టి వస్తుంది, జనరల్ అందరికీ ఒకేలా వస్తుంది. అందులో "శభాష్" అని రాస్తే తప్పు రాసినవాడికీ శభాషే.

అపోహ: షార్ట్ ఆన్సర్‌లో (చిన్న జవాబు టైప్ చేసే ప్రశ్నలో) తెలుగు జవాబు సరిగ్గా టైప్ చేసినా మూడుల్ తప్పంటుంది, తెలుగుకు అది పనికిరాదు.

పనికొస్తుంది, కాకపోతే మన లిపి సంగతి తెలిసి వాడాలి. "సాఫ్ట్‌వేర్" అని విడిగా నిలిచేలా రాయడానికి మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పడుతుంది. అది లేకపోతే "సాఫ్ట్వేర్" అవుతుంది. మనకు రెండూ ఒకే మాట, మూడుల్‌కు రెండు వేర్వేరు జవాబులు. రెండింటినీ 100 శాతం మార్కులతో జవాబులుగా చేర్చండి. అన్నిటికంటే కింద, 0 మార్కులతో ఒక్క నక్షత్రం గుర్తు (*) జవాబుగా పెట్టి దానికి వివరణ రాయండి. మీరు ఊహించని తప్పు రాసినవాళ్లకు వచ్చేది అదే. జవాబులను పైనుంచి వరసగా పోల్చి మొదట సరిపోయిన దగ్గర ఆగుతుంది కాబట్టి, ఆ గుర్తు పైన పడితే సరైన జవాబుకూ సున్నాయే వస్తుంది.