నేపథ్య సంగీతం: ఎడిటింగ్ గదుల్లో తిరిగే అపోహలు, అసలు వాస్తవాలు

విజయవాడ గాంధీనగర్, గవర్నర్‌పేట వైపు షార్ట్ ఫిల్ముకో, పెళ్లి టీజరుకో బీజీఎం (నేపథ్య సంగీతం) కట్టించుకోవడానికి వచ్చేవాళ్ల మొదటి మాట ఒకటే: "ఫీల్ రావాలండీ." ఆ ఫీల్ ఎక్కణ్ణుంచి వస్తుందన్న దగ్గరే చిక్కంతా.

అపోహ: ఏడుపు సీనుకు శివరంజని రాగం, సంతోషానికి మోహన రాగం.

వాస్తవం: కీబోర్డు మీద 'సి'ని షడ్జమం అనుకోండి. సి, డి, ఇ, జి, ఏ వాయిస్తే మోహన, అన్నీ తెల్ల మెట్లే. 'ఇ' వదిలేసి దాని ఎడమపక్క నల్ల మెట్టు నొక్కితే శివరంజని. అంతర గాంధారం పోయి సాధారణ గాంధారం వచ్చింది, అంతే తేడా. అదే శివరంజనిని 60 టెంపోలో (అంటే నిమిషానికి 60 బీట్లు) ఒంటి వయొలిన్ మీద, రిషభం నుంచి గాంధారానికి మెల్లగా జారుతూ వాయిస్తే గొంతు పూడుకుపోతుంది. 130లో డప్పులు తోడైతే ఊరేగింపు బయల్దేరుతుంది. మోహన కూడా అంతే. 55 టెంపోలో వేణువు మీద, ముక్కకూ ముక్కకూ నడుమ రెండు మూడు సెకన్లు ఖాళీ వదిలితే సొంతిల్లు అమ్ముకుని వెళ్లిపోయే సీనుకు బాగా కుదురుతుంది.

కీబోర్డుతో వయొలిన్ పలికించేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఆ జారుడు దగ్గరే. స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ చక్రం మామూలుగా రెండు స్వరస్థానాల దాకా (అంటే నల్లవీ కలిపి రెండు మెట్లు) లాగుతుంది. రిషభం నుంచి సాధారణ గాంధారం ఒక్క స్థానమే, కాబట్టి సగం దాకానే తిప్పాలి. చివరిదాకా తిప్పారంటే అంతర గాంధారం పడుతుంది, ఏడవాల్సిన చోట మోహన వచ్చి కూర్చుంటుంది. సెట్టింగులో బెండ్‌ను ఒక్క స్థానానికి తగ్గించుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

అపోహ: కన్నీళ్లు కనిపించగానే మ్యూజిక్ ఎత్తుకోవాలి.

వాస్తవం: అలా ఎత్తుకుంటే "ఇక ఏడవండి" అని ప్రేక్షకుడికి ఆర్డరేసినట్టు ఉంటుంది. విజయవాడ జంక్షన్ ప్లాట్‌ఫారం మీద కొడుకును పంపుతున్న తల్లి సీను తీసుకోండి. "జాగ్రత్త నాన్నా" అన్న మాట మీద సంగీతం వద్దు. మాట అయిపోయాక రెండు సెకన్లు స్టేషను చప్పుడే ఉండనివ్వాలి. రైలు కూత పడినప్పుడు ట్యూనర్‌లో దాని శ్రుతి చూసుకుని, అదే శ్రుతిలో ఒక సన్నటి స్ట్రింగ్స్ స్వరాన్ని కూత కింద నాలుగైదు సెకన్లలో పైకి తేవాలి. కూత ఆగాక స్వరం మిగులుతుంది. సంగీతం ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. కూతలో ఒకేసారి రెండు మూడు స్వరాలుంటే అన్నిటికంటే కింది స్వరాన్ని పట్టుకోండి.

అపోహ: టెంపో ముందు పెట్టుకోవాలి, కట్లు (షాట్ మారే చోట్లు) వాటంతటవే కలుస్తాయి.

వాస్తవం: కలవవు, లెక్క వేయాలి. సెకనుకు 24 ఫ్రేముల వీడియోలో 1440ని టెంపోతో భాగిస్తే ఒక్కో బీటుకు ఎన్ని ఫ్రేములో వస్తుంది. తలుపు తెరుచుకునే కట్ 7 సెకన్ల 12 ఫ్రేముల దగ్గర ఉందనుకోండి, అంటే 180 ఫ్రేములు. టెంపో 100 అయితే బీటుకు 14.4 ఫ్రేములు, కట్ పన్నెండున్నర బీట్ల దగ్గర పడుతుంది. ఏదో తేడాగా ఉందనిపిస్తుంది గానీ ఎందుకో దొరకదు. 96 పెట్టండి. బీటుకు 15 ఫ్రేములు, సరిగ్గా 12 బీట్లు అయిపోయి, 13వది, అంటే నాలుగేసి బీట్ల బార్లలో నాలుగో బార్ మొదటి బీటు, తలుపు మీద పడుతుంది.

అలాగని ప్రతి కట్ మీదా దెబ్బ వేస్తే కార్టూన్ అవుతుంది. సీనుకు ఒకటి, మహా అయితే రెండు. ఇదంతా ఎడిట్ లాక్ అయ్యాకే, అంటే ఇక కోతలు ఉండవని ఖాయమయ్యాకే. "చిన్న ట్రిమ్మే కదా" అంటూ తర్వాత పది ఫ్రేములు కోసే ఎడిటరుతో మాత్రం వేగలేం.

అపోహ: డైలాగ్ వినపడకపోతే మ్యూజిక్ మొత్తం తగ్గించాలి.

వాస్తవం: మొత్తం తగ్గిస్తే ఫీల్ కూడా పోతుంది. మాట స్పష్టత ఎక్కువగా 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. మ్యూజిక్‌లో ఆ మేర మాత్రమే, మాట ఉన్నంతసేపే 2 నుంచి 3 డెసిబెల్స్ తగ్గించి చూడండి. అప్పటికీ తేలకపోతే వాయిద్యం స్థాయి (ఆక్టేవ్) మార్చాలి. ఆడగొంతు మాట్లాడుతుంటే అదే స్థాయిలో వేణువు తిరగకూడదు. దాన్ని ఆపేయాలి, లేదా ఒక స్థాయి కిందికి దించి చెల్లో (వయొలిన్ కంటే పెద్ద, మంద్రంగా పలికే వాయిద్యం) మీదికి మార్చాలి.

అపోహ: భయానికి భారీ ఆర్కెస్ట్రా కావాలి.

వాస్తవం: 1975 నాటి 'జాస్' సినిమాలో జాన్ విలియమ్స్ షార్కును చూపించింది పక్కపక్క రెండు స్వరస్థానాలతోనే. వాటి వేగం పెరిగేకొద్దీ గుండె దడ పెరుగుతుంది. 1960 నాటి 'సైకో'కు బెర్నార్డ్ హెర్మన్ వాడినవి తీగవాయిద్యాలు మాత్రమే.

అపోహ: పాటలు బాగుంటే నేపథ్య సంగీతమూ బాగున్నట్టే.

వాస్తవం: రెండూ వేర్వేరు పనులు. 'ఆర్ఆర్ఆర్'కు ఆస్కార్ వచ్చింది పాటకు. 69వ జాతీయ అవార్డుల్లో అదే సినిమాకు కీరవాణి అందుకున్నది నేపథ్య సంగీతానికి. పాటల విభాగంలో అవార్డు 'పుష్ప'కు దేవిశ్రీప్రసాద్‌కు దక్కింది.

అపోహ: ల్యాప్‌టాప్‌లో బాగుంది, ఇక పంపేయొచ్చు.

వాస్తవం: హెడ్‌ఫోన్లలో గుండెను నొక్కేసే 50 హెర్ట్జ్ హోరు ఫోను స్పీకర్లో అసలు వినపడదు. షార్ట్ ఫిల్మ్ చూసేదేమో ఎక్కువమంది ఫోన్లోనే. ఆ హోరుకు రెండు మూడు స్థాయిలు పైన అదే స్వరాన్ని సన్నగా కలపండి. ఇంకొకటి, వీడియోకు ఆడియో ఫైలు 48 కిలోహెర్ట్జ్ శాంపిల్ రేటులో (సెకనుకు 48,000 నమూనాలు) ఇవ్వాలి. 44.1లో చేసిన దాన్ని మార్చకుండా 48గా చదివిస్తే పాట దాదాపు 9 శాతం వేగం పెరిగి, శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. విషాద వయొలిన్ కాస్తా కిచకిచలాడుతుంది. స్ట్రింగ్స్, తాళవాద్యాలు, సోలో వాయిద్యం విడివిడి ఫైళ్లుగా, అన్నీ సున్నా సెకను నుంచే మొదలయ్యేలా ఇస్తే మిక్సింగ్‌లో ఆ సోలో ఒక్కదాన్నే తగ్గించుకునే వీలుంటుంది.